వలస కుటుంబాల కథల్లో అందరినీ మాట్లాడనివ్వండి: సంపాదకులకు, కథల పోటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు పత్రికల సంపాదకులకు, అంతర్జాల పత్రికలు నడుపుతున్నవారికి, కథల పోటీల న్యాయనిర్ణేతలకు, ప్రవాస తెలుగు సంఘాల సాహిత్య విభాగాలవారికి నమస్కారం.

ఈ రోజుల్లో పత్రిక నడపడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా కథకు చోటిస్తున్నారు, కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

నేను విశాఖపట్నం కంచరపాలెంలో ఉంటాను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా పేటలో కొందరు ఆడవాళ్ళం నెలకోసారి ఒకరింట్లో కూర్చుని కథలు చదువుకుంటాం. మాలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు సముద్రం దాటినవాళ్ళే. కొందరి తాతలు బర్మాలోని రంగూన్ వెళ్ళి వచ్చారు. కొందరి భర్తలు గల్ఫ్‌లో పనిచేశారు. పిల్లలు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. అందుకే పత్రిక చేతికి రాగానే వలస కుటుంబం కథ ఉందా అని చూసి, ముందు అదే చదువుతాం.

మాలో ఒకావిడ ఒక కథ రాసింది. వాళ్ళ అత్తగారు రంగూన్‌లో పుట్టి, చిన్నపిల్లగా ఓడలో ఇక్కడికి వచ్చిన మనిషి. కథలో మూడు భాగాలు ఉన్నాయి. మొదటి భాగంలో ఆ అత్తగారు తన కథ తానే చెబుతుంది. రెండో దాంట్లో కోడలు, మూడో దాంట్లో డాలస్‌లో పెరుగుతున్న మనవరాలు చెబుతారు. ముగ్గురూ ‘నేను’ అనే చెబుతారు గానీ ఎవరి మాట తీరు వాళ్ళది. అత్తగారు ‘నాను’ అంటుంది, ‘ఏటి సేస్తాం’ అంటుంది, మధ్యలో రెండు మూడు బర్మా మాటలు వాడుతుంది. ఆ కథ ఒక పోటీకి వెళ్ళింది. కొన్నాళ్ళకు ‘సాధారణ ప్రచురణకు స్వీకరించాం’ అని కబురు వచ్చింది. అచ్చులో చూస్తే మూడు భాగాలు ఒకటైపోయాయి. ముగ్గురి మాటా పోయి ‘ఆమె’ మిగిలింది. యాస మొత్తం దిద్దేశారు. బర్మా మాటలు లేవు. చివర మనవరాలు ఏడుస్తూ మామ్మకు క్షమాపణ చెప్పే పేరా ఒకటి కొత్తగా చేరింది. రాసినావిడను ఎవరూ అడగలేదు.

ఆ కథను పెద్దావిడకు చదివి వినిపించారు. ఆవిడ చివరిదాకా విని, ‘ఇది నా కత కాదు, ఎవరిదో’ అంది. ఆ తర్వాత మేమంతా సంతకాలు చేసి సంపాదకవర్గానికి ఉత్తరం రాశాం. పోటీ నిర్వాహకులకు మెయిల్ పెట్టాం, ఫోన్లు చేశాం. జవాబు లేదు. అందుకే ఈ బహిరంగ లేఖ. ఆ పత్రిక పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క పత్రిక అలవాటు కాదు.

ప్రవాస జీవితం మీద అచ్చయ్యే కథల్లో ఉత్తమ పురుషలో, అంటే ‘నేను’ అని చెప్పేవి చాలా ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. కుటుంబం గురించి మనం మాట్లాడుకునేదే ‘మా అమ్మ’, ‘మా నాన్న’ అని. మా బాధల్లా ఆ ‘నేను’ ఎప్పుడూ ఒకే మనిషి కావడం గురించే: విమానం ఎక్కిన కొడుకు, మధ్యవయస్కుడు, బాగా స్థిరపడినవాడు, రాత్రిపూట పశ్చాత్తాపపడేవాడు. తల్లి అతని జ్ఞాపకంలో ఆవకాయ జాడీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. తండ్రి పడక్కుర్చీలో ఉంటాడు. భార్యకు పేరుంటుంది, పని ఉండదు. అక్కడ పుట్టిన పిల్లలు ఐప్యాడ్ చూస్తుంటారు. వీళ్ళెవరూ కథ మొదలైనప్పటి నుంచి చివరిదాకా ఒక్క అంగుళం కదలరు. మీరు బహుమతులు ఇస్తున్నది ఎక్కువగా ఈ కథలకే.

తెలుగు టీచరుగా ఒక మాట చెప్పాలి. ‘నేను’ అని కథ మొదలుపెట్టిన రచయిత ఒక షరతుకు ఒప్పుకున్నట్టే. ఆ మనిషి చూసింది, విన్నది, ఊహించింది మాత్రమే చెప్పాలి. డాలస్‌లో ఉన్న కొడుకు, సీతమ్మధారలో తల్లి అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని ఏం తలచుకుందో పేరాలకు పేరాలు చెబుతుంటే, అతనికెలా తెలుసు అని పాఠకులు అడుగుతారు. చెల్లెలు ఫోన్లో చెప్పిందా? తల్లి వాయిస్ మెసేజ్‌లో దగ్గుతూ ఒక మాట జారిందా? లేక అతనే ఊహించుకుంటున్నాడా? ఊహించుకుంటే ఇంకా మంచిదే. అప్పుడు ‘అమ్మ నాకోసం ఏడుస్తూ ఉంటుంది’ అని కొడుకు అనుకుంటున్న ఆ రాత్రి, ఆవిడ పక్కింటివాళ్ళతో సింహాచలం వెళ్ళి అలిసిపోయి హాయిగా నిద్రపోతూ ఉండవచ్చు. అతనికి తెలియనిది పాఠకుడికి తెలిసేటట్టు రాయగలిగితే ఇద్దరూ మనుషులవుతారు. ఉత్తమ పురుష కథనానికి ఉన్న బలమే ఇది. చెప్పేవాడు పొరబడవచ్చు, దాచవచ్చు, తనను తాను సమర్థించుకోవచ్చు. ‘నేను అమ్మకు ఏ లోటూ చెయ్యలేదు’ అని పదే పదే చెప్పే కొడుకు నోట్లోంచే లోటు బయటపడవచ్చు. కానీ అలాంటి కథ పంపితే ‘పాత్ర సానుభూతికి నోచుకోలేదు’ అని తిరిగి వస్తోంది. చెప్పేవాడు మంచివాడై తీరాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అర్థం కావడం లేదు.

చెప్పే కాలం, జరిగిన కాలం అని రెండుంటాయి. పదేళ్ళ వయసులో రంగూన్ వదిలిన పిల్ల ఇప్పుడు డెబ్బై ఏళ్ళు దాటిన మామ్మ. ఆవిడ ‘నేను’లో ఇద్దరున్నారు. ఓడ మీద ఆ పిల్లకు తెలిసింది ఆకలి, జనం, అమ్మ కొంగు మాత్రమే. ఓడ ఎందుకెక్కాల్సి వచ్చిందో మామ్మకు తర్వాత తెలిసింది. 1962లో బర్మాలో సైన్యం అధికారం తీసుకోవడం, దుకాణాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం, 1964లో 50, 100 చాట్ల (చాట్ అంటే బర్మా డబ్బు) నోట్లు చెల్లవని ప్రకటించడం, ఇవన్నీ ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నాన్న ఆ రోజు కొట్టు నుంచి తొందరగా వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదని మాత్రమే దానికి గుర్తు. ఈ రెండు తెలివిడుల మధ్య దూరమే కథ. మన దిద్దుబాటులో ఆ దూరమే పోతోంది. పిల్ల నోట్లో చరిత్ర పాఠం పెడుతున్నారు, లేకపోతే మామ్మ నోట్లోంచి మాటే తీసేస్తున్నారు.

తెలుగులో ఇంకో సంపద ఉంది. ఉత్తమ పురుషలో చెప్పేవాళ్ళు తమ గురించి ఏమీ చెప్పకపోయినా, ఎదుటివాళ్ళ గురించి వాడే క్రియను బట్టి వాళ్ళెవరో తెలిసిపోతుంది. ‘నాన్న అన్నాడు’ అనే ఇల్లు ఒకటి, ‘నాన్నగారు అన్నారు’ అనే ఇల్లు ఒకటి. పెళ్ళైన కొత్తలో ‘అత్తయ్యగారు అన్నారు’ అన్న కోడలు, కథ సగానికి వచ్చేసరికి ‘అత్తయ్య అంది’ అంటే, ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ పుట్టిన పిల్ల అందరికీ ‘వచ్చాడు, వెళ్ళాడు’ అని వాడితే, ఆ తెలుగు ఎవరి దగ్గర విని నేర్చుకుందో ఊహించవచ్చు. బహుశా నాన్న ఫోన్లో తన స్నేహితులతో మాట్లాడుతుంటే విని ఉంటుంది. ఇదంతా పాత్రచిత్రణే. ‘మర్యాదగా ఉండాలి’ అని మీరు అన్నిచోట్లా ‘గారు’, ‘అన్నారు’ చేర్చినప్పుడు దిద్దినట్టే కనిపిస్తుంది గానీ మనిషి పోతాడు.

మా ఊరి మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఆ కథల్లో తండ్రి ఎప్పుడూ కదలని మనిషి, కొడుకు కదిలిన మనిషి. విశాఖపట్నంలో ఎంతమంది తండ్రులు ఇక్కడే పుట్టారు? 1933లో పోర్టు ప్రారంభమైంది. 1941లో ఓడల కార్ఖానాకు పునాది పడింది, 1948లో అక్కడి నుంచి జల ఉష అనే ఓడ నీటిలోకి దిగింది. 1957లో రిఫైనరీ వచ్చింది. 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఒక్కోదానితో ఒక్కో తరం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చి ఇక్కడ అద్దె గదుల్లో దిగింది. ఉక్కు కోసం ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేసి నిర్వాసితులైనవాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఈ రోజు ‘కొడుకు నన్ను వదిలి వెళ్ళాడు’ అని కథల్లో బాధపడే రిటైర్డ్ ఉద్యోగి, ఒకప్పుడు పాలకొండ దగ్గర పల్లెలో తన తల్లిని వదిలి షిప్‌యార్డుకు వచ్చినవాడు. ఆయన ఏడాదికి ఒకసారి సంక్రాంతికి వెళ్ళేవాడు, కొడుకు రెండు మూడేళ్ళకోసారి వస్తున్నాడు. ఈ సంగతి ఆయన నోటితోనే చెప్పిస్తే ఎలాంటి కథ వస్తుంది! తన తల్లి తన గురించి ఏమనుకుందో ఇప్పుడు, ఈ వయసులో, ఆయనకు అర్థమవుతుంది. అలాంటి కథలు మా కంట అరుదుగానైనా పడటం లేదు, ఎందుకంటే ఆయనకు ‘నేను’ అనే చోటు ఎవరూ ఇవ్వలేదు.

అంతకు ముందు తరం కథ ఇంకోటి ఉంది. ఈ తీరం నుంచి, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి జనం స్టీమర్లలో రంగూన్ వెళ్ళారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవాళ్ళలో మన తెలుగువాళ్ళు ఎక్కువ. 1930 మే నెలలో అక్కడ అల్లర్లు జరిగినప్పుడు దెబ్బలు తిన్నదీ వాళ్ళే. 1942లో జపాన్ సైన్యం వస్తోందని లక్షల మంది భారతీయులు అస్సాం, మణిపూర్ వైపు కాలినడకన బయలుదేరారు, ఎందరో దారిలోనే పోయారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. అంటే యుద్ధానికి భయపడి ఇల్లు చేరిన మనిషికి ఇంటి దగ్గర కూడా అదే చప్పుడు. తర్వాత 1960లలో ఇంకో విడత. మా కంచరపాలెంలో బర్మా క్యాంపు అని పిలిచే పేట అలా పుట్టింది. అక్కడి ఇళ్ళలో ఇప్పటికీ బర్మా వంటకం మొహింగా గురించి మాట్లాడే ముసలివాళ్ళున్నారు. వాళ్ళు పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళా, సొంత ఊరికి తిరిగి వచ్చినవాళ్ళా? వాళ్ళలో చాలామంది పుట్టిందే అక్కడ. ఇక్కడికి రావడమే వాళ్ళకు వలస. మన సాహిత్యంలో వలస అంటే అమెరికాయే అన్నట్టు అయిపోయింది కాబట్టి ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

అమెరికా వెళ్ళినవాళ్ళు కూడా ఒకటే రకం కాదు. 1965లో అక్కడ వలస చట్టం మారాక ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు ఎందరో వెళ్ళారు. వాళ్ళ తల్లిదండ్రులకు ఉత్తరం చేరడానికే వారాలు పట్టేది. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ వాళ్ళు వెళ్ళారు, ఐఎస్‌డి బూత్ ముందు నిలబడి నిమిషాలు లెక్కపెట్టుకున్న తరం వాళ్ళ తల్లిదండ్రులది. ఇప్పుడు ఎంఎస్ కోసం అప్పు చేసి వెళ్ళే పిల్లలు వీడియో కాల్‌లో వంటగది చూపిస్తారు. వీసా ఇంటర్వ్యూ కోసం ఒకప్పుడు చెన్నై పరుగెత్తిన తల్లి, 2008లో హైదరాబాద్‌లో కాన్సులేట్ వచ్చాక గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన తల్లి, ఒకే భయంతో ఉండరు, ఒకేలా మాట్లాడరు. నవంబరులో అక్కడ గడియారం గంట వెనక్కి వెళ్ళగానే, ‘ఇంక మీకూ మాకూ పదకొండున్నర గంటల తేడా, నువ్వు ఆఫీసుకు బయలుదేరే ముందు చేస్తాను’ అని టెక్సాస్‌లో ఉన్న కొడుక్కి తనే గుర్తుచేసే తల్లులు మా పేటలో ఉన్నారు. ఆ ఒక్క వాక్యంతో ఆ తల్లి ఎవరో తెలుస్తుంది. జాడీ పట్టుకుని నిలబడటంతో తెలియదు.

ఇదంతా సాహిత్యం గోల, మామూలు జనానికేం నష్టం అని మీలో కొందరు అనుకోవచ్చు. నష్టం ఇదీ:

1. మా ఊళ్ళో పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్ళను జనం ఇప్పుడు కథల్లోంచి చూస్తున్నారు. ‘మేం బాగానే ఉన్నాం’ అంటే ఎవరూ నమ్మరు. ‘పాపం, పైకి చెప్పరు’ అంటారు. పిల్లలతో నిజంగా మాట పట్టింపు ఉన్నవాళ్ళు కూడా అసలు కారణం చెప్పలేకపోతున్నారు, ఎందుకంటే వినేవాళ్ళ దగ్గర కథ ముందే సిద్ధంగా ఉంది. ఒంట్లో బాగాలేకపోతే ఇరుగుపొరుగువాళ్ళు మొదట కొడుకును తిట్టి తర్వాత ఆటో పిలుస్తున్నారు. అటు కొడుకుల మీదా ఇదే భారం. కథల్లో తనను దోషిగా చదివి చదివి, ఏం మాట్లాడినా తప్పవుతుందన్న టెన్షన్‌తో ఫోన్లు తగ్గించేసిన పిల్లలు నాకు తెలుసు. తల్లీ కొడుకూ ఇద్దరూ కథలోని మాటలే ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు.

2. 1942లో నడిచి వచ్చినవాళ్ళు దాదాపు ఎవరూ మిగల్లేదు. 1964లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్ళ మాట వాళ్ళ నోటితో నిలవకపోతే, తర్వాత మిగిలేది పునరావాసం కాగితాలే. అందులో పేరు, కుటుంబ సభ్యుల సంఖ్య, ఇచ్చిన స్థలం ఉంటాయి. ఓడ దిగిన రోజు ఆ పిల్ల ఏం చూసిందో ఉండదు. ఈ నష్టాన్ని తర్వాత ఎవరూ పూడ్చలేరు. మిగతా అంశాలన్నిటికంటే మాకు తొందర దీని గురించే.

3. అక్కడ పుట్టిన పిల్లలు వేసవి సెలవుల్లో వస్తారు. చుట్టాలు వాళ్ళ దగ్గర కథల్లోని పిల్లలనే వెతుకుతారు. తెలుగు మాట్లాడితే నవ్వుతారు, మాట్లాడకపోతే తల్లిని దెప్పుతారు. ఆ పిల్లలు ఏం గమనిస్తున్నారో ఎవరికీ పట్టదు. మామ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు అమ్మ గొంతు మారిపోతుందని, యాస వచ్చేస్తుందని, ఫోన్ పెట్టగానే మళ్ళీ మామూలు అమ్మ అవుతుందని ఒక పిల్ల నాతో చెప్పింది. అంత నిశితంగా చూడగలిగిన పిల్లను ‘సంస్కృతి తెలియని తరం’ అని రాస్తున్నాం. ఇక చిన్నప్పుడు ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన పిల్లల సంగతి ఇంకో రకం. గ్రీన్‌కార్డు వరస కదలక, 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల వీసా మీద ఉండే హక్కు పోయి, పెరిగిన ఊరే వదలాల్సి వస్తుందేమోనన్న భయంతో కాలేజీ చదువుతున్నారు. వాళ్ళను ఏ దేశపు పిల్లలంటారు? ఆ మాట చెప్పాల్సింది వాళ్ళే.

4. ఇంజనీరింగ్ చదివి, హెచ్-1బి ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్ళిన అమ్మాయిలకు 2015 దాకా అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతే లేదు, ఆ తర్వాత కూడా అందరికీ రాలేదు. భర్త చెప్పే కథల్లో ఆమె ‘బోర్’ అంటుంది, షాపింగ్ చేస్తుంది. తిరిగి వచ్చిన కూతురు నాలుగేళ్ళు ఇంట్లో ఏం చేసిందో మా దగ్గర తల్లులకే అర్థం కావడం లేదు. చెప్పడానికి ఆమెకు మాటలు దొరకడం లేదు.

5. పురుడు పొయ్యడానికి వెళ్ళిన అమ్మమ్మలు, మామ్మలు. మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ ఆరు నెలలూ కిటికీలోంచి మంచు చూస్తూ దిగులుపడినట్టే రాస్తారు. నిజానికి ఆ ఇంటిని నడిపింది వాళ్ళు. బాలింతకు పథ్యం వండి, పసిదానికి నీళ్ళు పోసి, అల్లుడు అలిగితే సర్దిచెప్పి, దేశం కాని దేశంలో పక్కింటి ముసలావిడతో సైగలతో స్నేహం చేసి వచ్చారు. వాళ్ళ పని కథలో లేకపోతే ఇంట్లోనూ లెక్కలోకి రాదు.

6. రాయాల్సినవాళ్ళు రాయడం మానేస్తున్నారు. మా పేటలో ఆ కథ రాసినావిడ ఇంక కలం పట్టనంది.

కాబట్టి మా కోరికలు ఇవి. కొన్ని వెంటనే చెయ్యగలిగినవి, కొన్నింటికి డబ్బు, మనుషులు కావాలి.

1. కథ చెప్పే మనిషిని మార్చకండి. ఉత్తమ పురుషను ప్రథమ పురుష (‘అతను’, ‘ఆమె’) చెయ్యడం, యాసను దిద్దడం, ముగింపు చేర్చడం రచయిత రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే జరగాలి. అచ్చుతప్పులు దిద్దండి, ఎవరూ కాదనరు.

2. పోటీ ప్రకటనల్లో ‘సందేశాత్మకంగా ఉండాలి’ అన్న షరతు తీసెయ్యండి. క్షమాపణ పేరాలన్నీ ఈ షరతు వల్లే పుడుతున్నాయి.

3. ముగ్గురు నలుగురు తమ తమ గొంతుతో చెప్పే కథకు నాలుగు పేజీలు చాలవు. తరాల కథలకు ఏడాదిలో ఒక సంచికలోనైనా పేజీల పరిమితి సడలించండి. పేర్లు మూసేసి చదివినా ఎవరు మాట్లాడుతున్నారో పాఠకుడు పోల్చుకోగలిగితే ఆ కథ నిలబడినట్టు. న్యాయనిర్ణేతలు ఆ పరీక్ష పెట్టమనండి.

4. న్యాయనిర్ణేతల్లో ఉత్తరాంధ్ర యాస చెవికి అలవాటైనవాళ్ళు ఒకరు, వలస వెళ్ళిన ఇంటి ఆడమనిషి ఒకరు ఉండాలి. ‘భాష సహజంగా లేదు’ అన్న మాటతో కథ తిప్పి పంపేముందు ఆ భాష ఎవరికి సహజమో వాళ్ళను అడగండి. తిప్పి పంపిన కథకు రెండు వాక్యాల కారణం రాయండి.

5. రాయలేని పెద్దవాళ్ళు చెప్పిన కథలు తీసుకోండి. వాయిస్ రికార్డింగ్ పంపితే దాన్ని రాతలో పెట్టే మనిషిని చూపించండి. అచ్చులో చెప్పినవాళ్ళ పేరు ముందు, రాసినవాళ్ళ పేరు తర్వాత. పారితోషికం ఇద్దరికీ.

6. అక్కడి పిల్లలు ఇంగ్లిష్‌లో రాస్తే తీసుకుని తెలుగు చేయించండి. ప్రవాస సంఘాలకు ఇది భారం కాదు. వాళ్ళు జరిపే సభల్లో సాహిత్యానికి ఒక వేదిక ఎలాగూ ఉంటుంది. ఆ వేదిక మీద తల్లిదండ్రుల తరం ఒక్కటే మాట్లాడుతోంది, పిల్లలకు పాటల పోటీలతో సరిపెడుతున్నారు. ఒకే ఇంటి కథను తండ్రి ఒకలా, కూతురు ఒకలా రాయగా పక్కపక్కన అచ్చువేస్తే చూడాలని మాకుంది. ఇద్దరి మాటలూ కలవకపోవచ్చు. కలవకపోతే అలాగే ఉంచండి, సర్దకండి.

7. శ్రీకాకుళంలో కథానిలయం 1997 నుంచి అచ్చయిన తెలుగు కథలను సేకరించి కాపాడుతోంది. అచ్చుకాని మాటకు అలాంటి చోటు విశాఖలో లేదు. 1926 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు, చరిత్ర శాఖలవారినీ, జిల్లా గ్రంథాలయ సంస్థనూ ఈ లేఖ ద్వారా వేడుకుంటున్నాం: బర్మా నుంచి వచ్చిన పెద్దల మాటలను ఈ ఏడాదే రికార్డు చెయ్యడం మొదలుపెట్టండి. విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వండి. మా పేటలో ఏ ఇంటికి వెళ్ళాలో, ఎవరు ఏ వేళ మాట్లాడగలరో మేము చెబుతాం, కూడా వస్తాం. పత్రికలు ఆ రికార్డుల్లోంచి ఎంచినవి ఎంచినట్టే వేస్తామని ముందుకొస్తే పని త్వరగా సాగుతుంది.

8. చివరిగా, పైన చెప్పిన కథ. ఆ పత్రికవారికి ఈ లేఖ చేరుతుందని తెలుసు. మూడు భాగాలతో, ముగ్గురి మాటతో, ఆ కథను రాసినది రాసినట్టు మళ్ళీ అచ్చువేయండి. పక్కన రెండు వాక్యాల వివరణ చాలు. రాతప్రతి మా దగ్గర భద్రంగా ఉంది, అడిగిన రోజే పంపిస్తాం.

ఉగాది పోటీల ప్రకటనలు వెలువడే లోపు మీ జవాబు కావాలి. మొదటి రెండు కోరికలకు ఒప్పుకోని పోటీలకు మా పేట నుంచి ఇక కథలు పంపకూడదని నిర్ణయించుకున్నాం. ఒప్పుకున్న పత్రికలకు చందాలు కట్టిస్తాం. పెద్దావిడ ఇంకా చెప్పాలంటోంది, కోడలి చేత మళ్ళీ రాయించే ప్రయత్నంలో ఉన్నాం.

ఇట్లు,
కంచరపాలెం కథా పాఠకుల తరఫున,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
విశాఖపట్నం